అవ్వ, బతుకమ్మ, కెమేరా

వానలు వెనకబట్టి ఆకాశం తేటపడింది. భాద్రపద అమావాస్య వచ్చిందంటే తెలంగాణలో ఎంగిలిపూల బతుకమ్మ. ఆనాడు మొదలై తొమ్మిది రోజులు పండుగే. ఆఖరునాటిది సద్దుల బతుకమ్మ.

పల్లెటూరి పండుగను ఫోటోలు తీద్దామని ఒక అమావాస్యనాడు కెమేరా మెడలో వేసుకుని నేను చందానగర్ వెళ్ళాను. "అక్కడ పల్లెటూరెక్కడిది?" అని మీరు నవ్వవచ్చు. నిజమే. చందానగర్ హైదరాబాదుకు పడమట, బొంబాయి రోడ్డు మీద ఉంది. కంప్యూటరు కంపెనీల అద్దాల మేడలు అక్కడికి ఎంతో దూరం కాదు. అయినా రోడ్డు వారన చుట్టుపక్కల పల్లెలవాళ్ళు గోనెలు పరచుకుని తంగేడు, గునుగు కట్టలు అమ్ముతున్నారు. ఆ కట్టల వెంట పల్లెటూరు కూడా నడిచివచ్చినట్టే ఉంది.

ఒక ఇంటి అరుగు మీద ఒక అవ్వ బతుకమ్మను పేరుస్తున్నది. తాంబాళంలో గుమ్మడి ఆకులు పరిచింది. గునుగు పూల కొసలకు రంగులద్ది వరస మీద వరస గుండ్రంగా పెట్టింది. నడుమ నడుమ పచ్చని తంగేడు. పైకి పోయేకొద్దీ వరస చిన్నదవుతుంది. అన్నిటి మీదా పసుపుతో చేసిన గౌరమ్మ.

అడగకుండా ఎవరి ఫోటో తీయరాదు గదా! "అవ్వా, ఒక ఫోటో తీసుకోనా?" అన్నాను.

"నన్నెందుకు బిడ్డా? గీ బతుకమ్మను తియ్యి. నేను రేపు గూడ ఉంట. ఇది పొద్దుగూకినంక నీళ్ళల్ల పోతది" అన్నది అవ్వ.

తరవాత మనమణ్ణి పిలిచి, లోపలి నుంచి ఒక పాత ఫోటో తెప్పించింది. బతుకమ్మ చుట్టూ ఎనిమిదిమంది ఆడవాళ్ళు, వెనక పొలం. అవ్వ వేలు పెట్టి నలుగురి పేర్లు చెప్పింది. అయిదో మనిషి దగ్గర వేలు ఆగిపోయింది. "ఈమె ఎవరో యాదికొస్తలేదు. యాదున్నోళ్ళు పోయిన్రు" అన్నది. ఫోటో తిరగేసి చూశాను. వెనక ఒక్క అక్షరం లేదు.

మన హైదరాబాదులో ఫోటోలు తీయటం ఈనాటిది కాదు. 1844లో మీరటు దగ్గర పుట్టిన లాలా దీనదయాళ్ ఆరో నిజాము దగ్గర ఆస్థాన ఫోటోగ్రాఫరుగా ఉండి, రాజా బిరుదు పొందాడు. ఘోషా స్త్రీల కోసం ఆయన 1892లో ఇక్కడ వేరే స్టూడియో పెట్టించాడు. అందులో ఫోటోలు తీసేది కూడా ఒక స్త్రీయే. ఆ రోజుల్లో ఫిల్ములు కావు, వెండి లవణాలు పూసిన గాజు పలకలు వాడేవారు. పెట్టె కెమేరాను ముక్కాలి పీట మీద నిలిపి, ఎదుటివాళ్ళను కదలవద్దనేవారు. ఇక ఆడుతూ పాడుతూ తిరిగేవాళ్ళ బొమ్మ ఎలా వస్తుంది? మన కాలంలో వరంగల్లు వాడైన భరత్ భూషణ్ తెలంగాణ పల్లె బతుకునూ బతుకమ్మలనూ ఎన్నో ఏళ్ళపాటు ఫోటోలు తీశాడు. ఆయన 2022లో పోయాడు.

నా సంగతికి వస్తాను. ఆ రోజుల్లో హైదరాబాదులో ఆరు దాటగానే పొద్దు కుంకుతుంది. సరిగ్గా అప్పుడే ఆట మొదలు! వెలుతురు చాలదని సెకనులో ముప్పయ్యో వంతు సేపు కెమేరా కన్ను తెరిచాను. చప్పట్లు కొట్టే చేతులు మబ్బు తునకల్లా అలుక్కుపోయాయి. సెకనులో 250వ వంతుకు తగ్గించాను. చేతులు నిలిచాయి, కాని లోపలికి వచ్చే వెలుతురు ఎనిమిదోవంతుకు పడిపోయి బొమ్మంతా చీకటి. ఫ్లాషు వేద్దామా అంటే పూల రంగులు వెలవెలబోతాయి, పైగా ఆడేవాళ్ళ కళ్ళు చెదురుతాయి.

పది ఫోటోలు పాడుచేశాక గాని నాకు తెలివి రాలేదు. ఊరికే నిలబడి ఆట చూశాను. వాళ్ళు ముందుకు వంగుతారు, చప్పట్లు కొడతారు, లేస్తారు, ఒక అడుగు జరుగుతారు. రెండు చేతులూ కలిసిన చోట రెప్పపాటు సేపు కదలిక ఉండదు. పాట వింటూ ఆ దెబ్బకు సరిగ్గా మీట నొక్కాను. ముప్పయ్యో వంతులోనే చేతులు చక్కగా వచ్చాయి! మీరూ ఉయ్యాల ఊగేవాళ్ళను ఇలా తీసి చూడండి. ఉయ్యాల కొసకు పోయి వెనక్కు తిరిగే చోట మీట నొక్కాలి.

చీకటి పడ్డాక బతుకమ్మలను నీళ్ళలో వదిలి, అందరూ ప్రసాదాలు పంచుకున్నారు. అప్పుడు నేను పుస్తకం తీసి ఒక్కొక్కరినీ పేరు అడిగి రాసుకున్నాను. పన్నెండుమంది. అందులో ఒకామె ఉద్యోగరీత్యా శ్రీకాకుళం నుంచి వచ్చి, బతుకమ్మ ఆడటం అదే మొదలట.

వారం తరవాత అచ్చువేయించిన ఫోటో తీసుకుపోయి అవ్వ చేతికిచ్చాను. అవ్వ బొమ్మ చూడనేలేదు. ముందు వెనక్కు తిప్పి మనమడి చేతిలో పెట్టింది. వాడు "చందానగర్, భాద్రపద అమావాస్య" అని మొదలుపెట్టి వరసగా పేర్లు చదివాడు. తన పేరు రాగానే అవ్వ, "ఇంకోపారి సదువు" అన్నది.