వాచీ మీద పేరు, వాచీలో పని

విజయనగరం గంటస్తంభం దగ్గర గానీ, శ్రీకాకుళం ఏడురోడ్ల కూడలిలో గానీ ఎవరి చేతికైనా కొత్త వాచీ కనిపిస్తే మనవాళ్ళు అడిగే మొదటి మాట ‘ఏ కంపెనీ?’ రెండోది ‘ఎంతయిందేటి?’ చేతికి నప్పిందా, రోజుకెంత ముందుకు పోతోంది, ఎందుకు నచ్చింది అని అడిగేవాళ్ళు అరుదు. జవాబు రోలెక్స్ అయితే కనుబొమలు పైకి లేస్తాయి. లాంజీన్స్ అనో టిస్సో అనో చెబితే మాత్రం ‘అంత డబ్బెట్టినోడివి ఇంకొంచెం ఏసి రోలెక్సే కొనీయకపోయావా బావా’ అంటారు. ఆ ఇంకొంచెం అనేది లక్షల్లో ఉంటుందన్న సంగతి అడిగినవాళ్ళకి తెలియదు. కొన్నవాడికి తెలుసు. అయినా ఆ మాట వాడి మనసులో ముల్లులా ఉండిపోతుంది. మురిపెంగా కొనుక్కున్న వస్తువు మర్నాటికల్లా రెండో రకం సరుకైపోతుంది. అలా కావాల్సిన పనిలేదు.

ఈ అడగడం మనకెక్కడి నుంచి వచ్చిందో గుర్తు చేసుకోవాలి. వాచీ మన జిల్లాలకి మొదటి నుంచీ పరువుతో పాటే వచ్చింది. ఫావ్రే-ల్యూబా అనే స్విస్ కంపెనీ 1865 నాటికే మన దేశంలో వాచీలు అమ్మింది. అవి జమీందార్ల చేతికీ, దొరల చేతికీ, రైల్వేలో పెద్ద ఉద్యోగుల చేతికీ వెళ్ళాయి. మామూలు ఇంటికి వాచీ వచ్చింది పెళ్ళిళ్ళలోనే. అల్లుడికి సైకిలు, రేడియో, వాచీ ఇవ్వడం ఒక తరం పాటు ఆనవాయితీ. 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ తోడ్పాటుతో బెంగళూరులో హెచ్‌ఎమ్‌టీ వాచీల ఫ్యాక్టరీ మొదలయ్యాకే ఆ ముచ్చట గుమాస్తాలకీ బడిపంతుళ్ళకీ అందింది. ఆ తర్వాత సోంపేట, కవిటి, ఇచ్ఛాపురం వైపు నుంచి ఓడల్లో పనికెళ్ళినవాళ్ళు, గల్ఫ్‌కి వెళ్ళినవాళ్ళు సెలవులకొస్తూ సీకోలు తెచ్చారు. చేతికున్న వాచీని బట్టి ఎవరి అల్లుడో, ఎవరి కొడుకు ఎక్కడ పనిచేస్తున్నాడో ఊరు చెప్పేసేది. అందుకే ‘ఏ కంపెనీ’ అనే ప్రశ్నను నేను తప్పుపట్టను. దానికి వచ్చిన జవాబుతో వాచీ మంచిచెడ్డలు తేలిపోయాయనుకోవడమే తప్పు.

టైము తెలుసుకోవడానికి ఖరీదైన వాచీ అక్కర్లేదు. ఈ మాట దాపరికం లేకుండా ముందే చెప్పుకోవాలి. 1969 డిసెంబరు 25న టోక్యోలో సీకో కంపెనీ ఆస్ట్రాన్ అనే క్వార్ట్జ్ వాచీని అమ్మకానికి పెట్టింది. అప్పుడు దాని ధర ఒక చిన్న కారంత. అందులో ఉన్నది ఒక బ్యాటరీ, ఒక స్ఫటికం. ఈనాటి క్వార్ట్జ్ వాచీల్లో ఆ స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఆ కంపనాలను లెక్కపెట్టి ముల్లును కదిపితే నెలకు పది పదిహేను సెకన్లకు మించి తేడా రాదు. కొన్నేళ్ళలోనే ఆ వాచీలు చవకైపోయాయి. 1970లో స్విట్జర్లాండ్ వాచీ పనిలో సుమారు 90 వేల మంది ఉంటే, 1980ల నడుమకొచ్చేసరికి మూడింట ఒక వంతు మిగిలారు. ఈ రోజు అయిదు వందలకు దొరికే క్వార్ట్జ్ వాచీ అయిదు లక్షల మెకానికల్ వాచీ కన్నా కచ్చితంగా నడుస్తుంది. స్విట్జర్లాండ్‌లో క్రోనోమీటర్ అనే సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ కూడా మెకానికల్ వాచీ సగటున రోజుకు నాలుగు సెకన్లు వెనకబడినా, ఆరు సెకన్లు ముందుకెళ్ళినా ఒప్పుకుంటుంది.

మరి ఆ డబ్బంతా దేనికి? బాగా నడిచే మెకానికల్ వాచీని ఒక్కసారి వెనక మూత తీసి చూసినవాళ్ళకి ఈ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. అది స్విస్‌దే కానక్కర్లేదు. మెకానిక్ బల్ల దగ్గర కూర్చుని, కంటికి భూతద్దం పెట్టించుకుని పాత హెచ్‌ఎమ్‌టీని చూసినా చాలు. కీ తిప్పినప్పుడల్లా ఒక చిన్న డబ్బాలో ఉక్కు రిబ్బను చుట్టుకుంటుంది. అది విప్పుకోవాలని చూస్తుంది. దాని బలం నాలుగైదు పళ్ళచక్రాల మీదుగా చివరి చక్రానికి చేరుతుంది. అక్కడ రెండు ఎర్రరాళ్ళు బిగించిన బుల్లి లంగరు ఒకటి చక్రం పంటికి అడ్డం పడుతూ, వదులుతూ ఉంటుంది. ఆ అడ్డం పడిన చప్పుడే మనకు వినిపించే టిక్కు. లంగరును ఆడించేది బ్యాలెన్స్ చక్రం. దాని నడుమ వెంట్రుక కన్నా సన్నని స్ప్రింగు చుట్టగా ఉంటుంది. అది ముడుచుకుంటుంది, విచ్చుకుంటుంది, మళ్ళీ ముడుచుకుంటుంది. చక్రం అటు సగం చుట్టుకు పైగా, ఇటు సగం చుట్టుకు పైగా ఊగుతుంది. పాత హెచ్‌ఎమ్‌టీలో గంటకు 18,000 సార్లు, ఇప్పటి చాలా స్విస్ వాచీల్లో గంటకు 28,800 సార్లు. అంటే ఒక పగలూ రాత్రీ గడిచేసరికి 6,91,200 సార్లు. బ్యాటరీ లేదు, కరెంటు లేదు. చేత్తో ఇచ్చిన బలంతోనే ఇదంతా నడుస్తుంది. అరిగిపోకుండా ఇరుసుల కింద కెంపులు పొదుగుతారు. అవి గనుల్లోంచి తీసినవి కావు, ఫ్యాక్టరీలో చేసినవి. డయలు మీద ‘17 జ్యుయెల్స్’ అని రాసి ఉండేది వీటి గురించే.

వాచీ ఖరీదు పెరిగేకొద్దీ ఈ పనికి మెరుగు పెరుగుతుంది. భాగాల అంచులన్నీ ఏటవాలుగా సానపడతారు. ఉక్కు మరలను దాదాపు 300 డిగ్రీల వేడి మీద నీలం రంగుకు తిప్పుతారు. కొన్ని వాచీల డయలు మీద ఎనామెల్ పొడి చల్లి 800 డిగ్రీల కొలిమిలో పెడతారు. ఒక పొర కాలాక ఇంకొక పొర. చివరి పొరలో చిన్న బుడగ లేచినా దాన్ని పారేసి మొదటి నుంచి మొదలుపెట్టాలి. వీటిలో ఏ ఒక్కటీ టైమును మెరుగుపరచదు. చూసేవాడి కంటి కోసం, చేసేవాడి తృప్తి కోసం చేసినవి. అలాంటి దానికి డబ్బు పెట్టడం వృథా అనేవాళ్ళతో నేను ఏకీభవించను.

ఏకీభవించకపోవడానికి కారణం మన జిల్లాలోనే ఉంది. పొందూరు ఖద్దరు పంచె కొన్నవాళ్ళని అడగండి. అదే పొడవు, అదే వెడల్పు ఉన్న మిల్లు పంచె అంతకన్నా ఎంతో చవక. పైగా నేత ఒకే తీరుగా ఉంటుంది. అయినా పొందూరుదే కావాలంటారు. వాలుగ చేప దవడ ముక్కతో కొండపత్తిని దువ్వి, గింజ తీసి, ఏకి, చేత్తో రాట్నం మీద వడికిన నూలది. 100 కౌంటు నూలు కిలో తీసుకుని పోగు సాగదీస్తే దాదాపు 169 కిలోమీటర్లు వస్తుంది. శ్రీకాకుళంలో మొదలుపెడితే విశాఖపట్నం దాటి అనకాపల్లి అవతలికి చేరుతుంది. అంత సన్నటి నూలును మనిషి వేళ్ళు తీశాయని తెలిసినవాడికి ఆ పంచె కట్టుకున్నప్పుడు కలిగే సంతోషం వేరు. పక్కవాడు గుర్తుపట్టినా పట్టకపోయినా అది తగ్గదు. చేతిపనికి, ఓపికకి, ఒంటికి తగిలే హాయికి ధర కట్టడం మనకు తెలిసిన విద్యే. దాన్నే వాచీ దగ్గర కూడా వాడుకోవాలి.

వాచీల్లో పెద్దింటి పేరు, చిన్నింటి పేరు అని తూకం వేసేవాళ్ళు ఒక సంగతి పట్టించుకోరు. స్విట్జర్లాండ్‌లో ఎన్నో కంపెనీలు తమ వాచీల్లో తిరిగే మిషనును తాము చేయవు. ఈటీఏ, సెల్లిటా వంటి ఫ్యాక్టరీల నుంచి తెచ్చుకుంటాయి. ఈటీఏ ఉన్నది స్వాచ్ గ్రూపులో. ఒమేగా, లాంజీన్స్, రాడో, టిస్సో, వాటి కన్నా ఎంతో ఖరీదైన బ్రెగే, ఇవన్నీ ఆ ఒక్క గ్రూపువే. ‘స్విస్ మేడ్’ అని వేసుకోవడానికి కూడా 2017 నుంచి ఉన్న నియమం ప్రకారం తయారీ ఖర్చంతా అక్కడే కానక్కర్లేదు, కనీసం 60 శాతం ఆ దేశంలో కావాలి. రోలెక్స్‌ని స్థాపించిన హాన్స్ విల్స్‌డార్ఫ్ జర్మనీలో పుట్టినవాడు. 1905లో లండన్‌లో వ్యాపారం మొదలుపెట్టాడు. రోలెక్స్ కొనలేనివాళ్ళకు నమ్మకమైన వాచీ తక్కువ ధరకు ఇవ్వాలని ట్యూడర్ అనే రెండో పేరు పెట్టించిందీ ఆయనే. అది 1926 నాటి మాట. ట్యూడర్ పెట్టుకున్నవాణ్ణి చిన్నచూపు చూసేవాళ్ళకి ఈ వరస తెలిసి ఉండదు.

అన్నిటికన్నా మన ప్రాంతానికి దగ్గరి ఉదాహరణ సీకోదే. ఓడ దిగొచ్చిన మేనమామ తెచ్చిన సీకో 5 ఎన్నో ఇళ్ళలో ఇప్పటికీ తిరుగుతోంది. అందుకే ఆ పేరు మనకు చవక జపాన్ వాచీ అనే గుర్తు. అదే సీకో 1960లో గ్రాండ్ సీకో అనే వరస మొదలుపెట్టింది. వాటి ధర లక్షల్లో ఉంటుంది. ఒక దాని డయలును హొటాకా కొండల మీద గాలికి చెదిరిన మంచులా చేశారు. తెల్లరంగు పూసినట్టుండదు. వెలుతురు పక్క నుంచి పడ్డప్పుడు చిన్నచిన్న నీడలు కనిపిస్తాయి. అందులో సెకన్ల ముల్లు టిక్కుటిక్కుమని గెంతకుండా నూనె జారినట్టు సాగిపోతుంది. 1999లో ఆ కంపెనీ తెచ్చిన స్ప్రింగ్ డ్రైవ్ అనే మిషను గొప్పదనం అది. ఆ వాచీ చేతికి పెట్టుకుంటే ‘సీకోకి అయిదు లక్షలేటి మాస్టారూ, ఎవరో మోసం చేసేసినారు’ అంటారు. ఆ మాటకు చిన్నబుచ్చుకోకుండా వాచీ విప్పి వాళ్ళ చేతిలో పెట్టి, వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూడమనడం మంచిది. చూశాక సగం మంది మాట మార్చుకుంటారు.

రోలెక్స్ ఉత్త పేరేనని అంటే అదీ అన్యాయమే. నీళ్ళు చొరని ఆయిస్టర్ కేసును 1926లోనే తెచ్చిన కంపెనీ అది. ఉక్కు దగ్గర నుంచి గొలుసు కొక్కెం వరకు దాని పని గట్టిది. ఇష్టపడి రోలెక్స్ కొనుక్కున్నవాణ్ణి చూసి ‘షోకు కోసం కొన్నాడు’ అని పెదవి విరిచేవాళ్ళూ ఉన్నారు. వాచీల గురించి నాలుగు ముక్కలు తెలిశాక వచ్చే జబ్బు అది. పేరు చూసి మెచ్చుకోవడం ఎంత గుడ్డితనమో, పేరు చూసి ఈసడించడమూ అంతే. ఇక బంగారంలాగా రేటు పెరుగుతుందని కొనేవాళ్ళ మాట వేరు. 2022 మొదట్లో పాత రోలెక్స్‌ల ధరలు ఆకాశాన్నంటాయి, ఆ ఏడే కిందికి జారాయి. పొదుపు కోసమైతే వాచీ వద్దు. అప్పు చేసి, వాయిదాల మీద కొనడం ఇంకా వద్దు. వాయిదా కట్టే తేదీని గుర్తుచేసే వాచీని చూసుకుని ఎవరూ మురిసిపోలేరు.

ఫస్ట్ కాపీ అని అమ్మే నకిలీల గురించి కూడా చెప్పాలి. పెద్ద పేరున్న వాచీ అయిదారు వేలకే దొరుకుతుందంటే కొనేవాడు ఆ పేరును తప్ప ఇంకేమీ కొనడం లేదు. లోపలి పని లేదు, చేసినవాడి ఓపిక లేదు, మరమ్మతు చేసేవాడు లేడు. అంత డబ్బుకు మంచి హెచ్‌ఎమ్‌టీ పైలట్‌నో కోహినూర్‌నో సర్వీసు చేయించి పెట్టుకోవచ్చు. 2016లో ఆ ఫ్యాక్టరీలు మూతపడ్డాక వాటిని వెతికి కొనేవాళ్ళు పెరిగారు. కాకపోతే రంగురంగుల డయళ్ళు కొత్తగా అచ్చేసి పాతవని అమ్మేవాళ్ళూ పెరిగారు. జాగ్రత్త.

నిజంగా కొనేటప్పుడు మన వాతావరణాన్ని మరిచిపోకూడదు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా మన తీరంలో పట్టే చెమటకు తోలు పట్టీ ఒక్క వేసవిలోనే కంపు కొట్టి పగిలిపోతుంది. ఉక్కు గొలుసో రబ్బరు పట్టీయో మేలు. డయలు మీద 30 మీటర్లు అని ఉంటే చేతులు కడుక్కోవచ్చని అర్థం, బీచిలో మునగవచ్చని కాదు. కళింగపట్నంలోనో భీమిలిలోనో సముద్రంలో దిగే అలవాటుంటే కనీసం 100 మీటర్లది చూసుకుని, ఇంటికొచ్చాక మంచినీళ్ళతో కడగాలి. రాత్రి వాచీని ఫోను స్పీకరు పక్కన పెట్టకూడదు. లోపలి సన్న స్ప్రింగుకు అయస్కాంతం పడితే వాచీ ఒక్కసారిగా నిమిషాల లెక్కన ముందుకు పరిగెడుతుంది. అది పాడైపోలేదు. మెకానిక్ దగ్గర రెండు నిమిషాల్లో ఆ అయస్కాంతం తీయించుకోవచ్చు.

ధర గురించి ఒక మాట. వాచీల మీద 18 శాతం జీఎస్టీ ఉంది. బయటి నుంచి వచ్చేవాటికి దిగుమతి సుంకం దానికి అదనం. స్విట్జర్లాండ్ సహా నాలుగు ఐరోపా దేశాలతో మన దేశం 2024 మార్చి 10న చేసుకున్న వ్యాపార ఒప్పందం 2025 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం స్విస్ వాచీల మీద ఆ సుంకం ఏడాదికింత చొప్పున తగ్గుతూ పోతుంది. తొందరలేనివాళ్ళు ఆగి చూడొచ్చు.

కొనేముందు అందరూ మరిచిపోయే ప్రశ్న మరమ్మతుది. మెకానికల్ వాచీకి అయిదారేళ్ళకొకసారి నూనె మార్పించాలి. పెద్ద కంపెనీలు చాలావరకు విడిభాగాలను బయటి మెకానిక్‌లకు ఇవ్వవు. స్వాచ్ గ్రూపు 2016 నుంచి అలాగే ఆపేసింది. కాబట్టి సొంత మిషనుతో నడిచే గొప్ప వాచీ ఆగిపోతే దాన్ని పొట్లం కట్టి హైదరాబాదో బెంగళూరో పంపి వారాల తరబడి చూడాల్సి రావచ్చు. బిల్లు కూడా పదివేలల్లో ఉండొచ్చు. సెల్లిటా మిషనుతో నడిచే మధ్యరకం వాచీకి ఆ బెడద తక్కువ. ప్రపంచమంతా లక్షల్లో తిరుగుతున్న మిషను కాబట్టి భాగాలు దొరుకుతాయి, చేయి తిరిగిన మెకానిక్‌కు దాని గుట్టు తెలిసే ఉంటుంది. ‘సొంత మిషను కాదు, బయట కొన్నది’ అని పెద్ద పేర్ల అభిమానులు ఏ గుణాన్ని వెక్కిరిస్తారో, విజయనగరంలోనో పాలకొండలోనో ఉండేవాడికి అదే అన్నిటికన్నా అక్కరకొచ్చే గుణం. షాపులో చేతికి పెట్టుకుని చూసేటప్పుడు ‘ఇందులో ఏ మిషను ఉంది, భాగాలు ఎక్కడ దొరుకుతాయి’ అని అడగండి. అమ్మేవాడు తడుముకోకుండా చెప్పాలి. చెప్పలేకపోతే వేరే షాపు చూసుకోండి.