నోము చాటున నిలిచిన నాయికలు

నోమునాడు అక్షతలు చేతబట్టి కథ వినుట, కథ ముగియగానే వానిని తలపై వేసికొనుట మన యిండ్లలో అందఱెఱిగిన ఆచారమే. అట్టి కథలు భక్తిని బోధించుటకే యేర్పడినవని మనము తలంతుము. కాని మన పాతకథలలో నోము మఱియొక పనియు చేయుచున్నది. బలవంతుని యెదుట ఒంటరిగా నిలిచిన స్త్రీకి, ‘వలదు’ అని చెప్పుటకు అది ఆధార మగుచున్నది.

శ్రీకాకుళమునకు చేరువనున్న శ్రీకూర్మ క్షేత్రకథ యిందుకు చక్కని నిదర్శనము. విష్ణువు కూర్మరూపమున పూజలందుకొనుచున్న ఆ యాలయమును, శ్వేతపుష్కరిణిని దర్శించినవారు మీలో పెక్కు రుందురు. స్వామి అచట వెలసిన విధమును స్థలపురాణముగా ఇట్లు చెప్పుదురు.

శ్వేతచక్రవర్తి భార్య విష్ణుప్రియ. ఆమె యొక యేకాదశినాడు ఉపవాసముండి హరిధ్యానము చేయుచుండగా రాజు మోహముతో ఆమెను సమీపించెను. కాదన్నచో పతి మాట మీఱినట్లగును. ఔనన్నచో వ్రతము చెడును. ఆమె వ్రతమును విడువక స్వామిని వేడుకొనెను. అంతట వారిరువురి నడుమ గంగ వెల్లువయై పాఱెను. రాజు కొండకు పరుగెత్తి ప్రాణము దక్కించుకొనెను. పిదప తన తప్పు తెలిసికొని, నారదునివలన కూర్మమంత్రము నుపదేశము పొంది తపస్సు చేసెను. స్వామి మెచ్చి కూర్మరూపమున ప్రత్యక్షమయ్యెను. తపస్సు రాజుదే, కాని ఆ తపస్సునకు మూలము రాణి పలికిన ‘వలదు’ అను మాట.

విష్ణుప్రియ మొఱ దేవుడు వెంటనే ఆలకించెను. బాలనాగమ్మకు అట్టి భాగ్యము లేకపోయెను. బుర్రకథగా, నాటకముగా, 1942లోను 1959లోను చలనచిత్రముగా తెలుగునాట నలుదెసల వ్యాపించిన కథ యామెది. ఉయ్యాలలో బిడ్డ యుండగా మాయలఫకీరు ఆమెను కుక్కగా మార్చి నాగళ్లపూడి గట్టునకు గొనిపోయెను. అచట ఆమెకు ఆయుధము లేదు, అయినవారు లేరు. తాను నోము పట్టితిననియు, అది తీఱువఱకు తన్ను తాకరాదనియు చెప్పి గడువు కోరెను. వ్రతభంగము చేసినవానికి కీడు మూడునను నమ్మకము కథ వినువారికి వలెనే కథలోని దుష్టునికిని కలదు గాబోలు, ఫకీరు గడువిచ్చెను. ఏండ్లు గడచెను. బిడ్డ బాలవర్ధిరాజు పెరిగి పెద్దవాడై తల్లిని వెదకుచు వచ్చెను. ఫకీరు ప్రాణము సప్తసముద్రముల కావల నొక చిలుకలో నున్నదని వానినోటనే చెప్పించినది బాలనాగమ్మ. చిలుకను తెచ్చిన సాహసము కుమారునిది. అందుకు కావలసిన కాలమును, రహస్యమును సంపాదించిన నేర్పు తల్లిది.

ఇట్టి యుపాయము మన దేశమునకే పరిమితము కాదు. గ్రీకుల గాథలో పెనెలోపి, మామగారి కొఱకు శవవస్త్రము నేయుచున్నానని చెప్పి, పగలు నేసినదానిని రాత్రి విప్పుచు, తన్ను పెండ్లాడ వచ్చినవారిని ఏండ్లతరబడి ఆపెను.

అయినను ఇందొక మాట ఆలోచింపదగినది. విష్ణుప్రియ తనకిష్టము లేదని మాత్రమే చెప్పియున్నచో విను వారుందురా? బాలనాగమ్మ నోము పేరెత్తక తన మాట నొక్కదానినే చెప్పియున్నచో ఫకీరు ఆగియుండునా? దేవుని సాక్ష్యము తోడు లేనిదే స్త్రీ మాట చెల్లని కాలమున, ఆమెకు మిగిలిన కోట నోమొక్కటే. జముకులకథ యెదుట, బుర్రకథ యెదుట రాత్రులు మేలుకొని కూర్చున్న మన తల్లులు ఈ సంగతిని ఒకరు చెప్పకయే గ్రహించియుందురు.

కనుక ఈ కథలను పిల్లలకు చెప్పునపుడు నాయికల ఓర్పును మాత్రమే పొగడి ఊరకుండరాదు. వారి యుక్తిని చెప్పవలెను. వారు పలికిన ‘వలదు’ను చెప్పవలెను. ఆ మాటకు నోము తోడు లేకున్నను విలువ యుండవలెనని కూడ చెప్పినచో, మనము తలపై వేసికొను అక్షతలు సార్థకమగును.