నీలం ఫోటోకి ఏ కాగితం?

అమ్మమ్మ పెళ్లినాటి ఫోటో ఇంట్లో ఒక్కటే ఉంటుంది. అదీ వెలిసిపోతూ ఉంటుంది. దాన్ని ఇంట్లోనే, ఎండలో, నీలం రంగులో మళ్లీ అచ్చు వేసుకోవచ్చు. ఈ పద్ధతి పేరు సైనోటైప్. 1842లో జాన్ హెర్షెల్ కనిపెట్టాడు. మరుసటి ఏడే అన్నా ఆట్కిన్స్ అనే ఆవిడ సముద్రపు నాచుల్ని ఇలా అచ్చువేసి పుస్తకం తేవడం మొదలుపెట్టారు.

ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్, పొటాషియం ఫెర్రిసైనైడ్ కలిసిన ద్రావణాన్ని కాగితానికి పూసి, చీకట్లో ఆరబెట్టాలి. జిరాక్స్ షాపులో ప్లాస్టిక్ షీటు మీద తీయించిన నెగెటివ్ దానిపై పెట్టి, అద్దంతో నొక్కి పావుగంట ఎండ చూపించాలి. తర్వాత పసుపుపచ్చ పోయేదాకా నీళ్లలో కడగడమే. చేతులకి గ్లవ్స్ వేసుకోండి. వంటగిన్నెలు వాడకండి, పిల్లల్ని దూరంగా ఉంచండి, బాత్రూం యాసిడ్ దగ్గరికి రానీయకండి.

అసలు చిక్కు కాగితంతోనే. ఎక్కువకాలం మన్నాలని చాలా ఖరీదైన కాగితాల్లో సుద్ద కలుపుతారు. ఆ క్షారం ఈ నీలానికి శత్రువు. అందుకే సుద్ద కలపని జపాన్ చేతికాగితం మంచిది. అందులో కోజో మేలు. మల్బరీ కుటుంబపు చెట్టు బెరడుతో చేస్తారు, పీచు పొడుగు. సిరిసిల్ల, కోనరావుపేట వైపు నేత తెలిసినవాళ్లకి పీచు పొడుగైతే పోగు గట్టిదని చెప్పాలా! తడిసినా తొందరగా చిరగదు. గంపి నున్నగా ఉంటుంది, ముక్కూ మొహం స్పష్టంగా వస్తాయి గానీ తడిస్తే ముడతలు పడుతుంది. మొదటిసారికి దాని జోలికి పోకండి. కోజోలోనూ మరీ పల్చనిది వద్దు, మందు అటువైపుకి దిగిపోతుంది.

మన దగ్గరా చేతికాగితం ఉండేది. నిజాం కాలంలో కోరుట్ల దానికి పేరు.

పెద్ద షీటు కొనేముందు చిన్న ముక్కకి మందు పూసి చీకట్లో ఉంచండి. పసుపుపచ్చగానే ఉంటే సరే, ఎండ తగలకుండానే నీలం తిరిగితే ఆ కాగితం వద్దు. కడిగేటప్పుడు కాగితం కింద నైలాన్ వల పెట్టి దానితోనే ఎత్తండి. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే బకెట్‌కి చెంచా నిమ్మ ఉప్పు వేయండి. సబ్బుపొడి నీళ్లు మాత్రం తగలనీయకండి, నీలం ఎగిరిపోతుంది. గోడమీద ఉండి వెలిసినట్టయితే కొన్నాళ్లు బీరువాలో పెట్టండి, చాలావరకు తిరిగొస్తుంది.