ప్రోసీడీ - జైడెన్‌బర్గ్ కేసు

ప్రోసీడీ - జైడెన్‌బర్గ్ కేసు అనునది సాఫ్ట్‌వేరు లైసెన్సు ఒప్పందములు చట్టరీత్యా చెల్లునా అను ప్రశ్నపై అమెరికాలో 1996లో వెలువడిన ప్రముఖ తీర్పు. పెట్టె లోపల ఉన్న షరతులకు కూడా కొనుగోలుదారుడు కట్టుబడవలెనని ఏడవ సర్క్యూట్ అప్పీళ్ళ న్యాయస్థానము ఇందులో నిర్ణయించినది.

నేపథ్యము

పూర్వము సాఫ్ట్‌వేరు పెట్టెలపై పలుచని ప్లాస్టిక్ పొర చుట్టి అమ్మేవారు. ఆ పొరను చించినచో లైసెన్సును అంగీకరించినట్లేనని తయారీదారుల వాదన. అందువలన వీటికి ష్రింక్‌రాప్ లైసెన్సులని పేరు వచ్చినది.

ప్రోసీడీ సంస్థ 3,000కు పైగా టెలిఫోను డైరెక్టరీల వివరములను కోటి డాలర్లకు మించిన వ్యయముతో క్రోడీకరించి, సెలెక్ట్‌ఫోన్ అను పేరుతో సీడీలపై విక్రయించినది. వ్యాపారులకు ఎక్కువ ధర, సాధారణ వినియోగదారులకు తక్కువ ధర నిర్ణయించి, తక్కువ ధర ప్రతులను వ్యాపారమునకు వాడరాదని షరతు విధించినది. విస్కాన్సిన్ రాష్ట్రమునకు చెందిన మాథ్యూ జైడెన్‌బర్గ్ 1994లో అట్టి ప్రతిని కొని, అందలి వివరములను ఇంటర్నెట్టులో అమ్మసాగెను.

టెలిఫోను జాబితాలలో సృజన లేనందున వాటికి కాపీహక్కు వర్తించదని అమెరికా సుప్రీంకోర్టు 1991లోనే ఫైస్ట్ కేసులో తీర్పు చెప్పినది. కావున ప్రోసీడీ ప్రధానముగా లైసెన్సు ఒప్పందముపైననే ఆధారపడవలసి వచ్చినది.

తీర్పు

కొనుటకు ముందు చూడని షరతులు చెల్లవని జిల్లా న్యాయస్థానము జైడెన్‌బర్గ్ పక్షము వహించినది. అప్పీలులో న్యాయమూర్తి ఫ్రాంక్ ఈస్టర్‌బ్రుక్ దీనిని త్రోసిపుచ్చెను. లోపల లైసెన్సు కలదని పెట్టెపై వ్రాసి ఉన్నది. షరతులు కంప్యూటరు తెరపై కనిపించుచున్నవి. నచ్చనిచో సరుకును తిరిగి ఇచ్చు అవకాశము ఉన్నది. అయినను వాడుట అంగీకారమే అగునని ఆయన వివరించెను. అయితే సాధారణ ఒప్పంద చట్టము ప్రకారము చెల్లని షరతులు లైసెన్సులో ఉన్నను చెల్లవు.

ఇతర తీర్పులు

న్యాయస్థానములన్నియు ఒకే అభిప్రాయమునకు రాలేదు. ఫోను ద్వారా బేరము కుదిరిన తరువాత పెట్టెపై కనిపించిన షరతులు ఒప్పందములో భాగము కావని మూడవ సర్క్యూట్ 1991లో స్టెప్-సేవర్ కేసులో తీర్పునిచ్చినది. డౌన్‌లోడ్ మీటకు దిగువన, తెరపై కనబడకుండ ఉన్న షరతులకు వాడుకరి సమ్మతి లేదని రెండవ సర్క్యూట్ 2002లో నెట్‌స్కేప్ కేసులో పేర్కొన్నది. షరతులు ముందుగా కనబడినవా, నిరాకరించు అవకాశము ఉన్నదా అనునవి ఇట్టి కేసులలో ముఖ్యాంశములు.

భారతదేశములో

ఇచట లైసెన్సులకు 1872 నాటి భారత ఒప్పంద చట్టము వర్తించును. ఎలక్ట్రానిక్ పద్ధతిలో జరిగినదన్న కారణము చేతనే ఒప్పందము చెల్లకుండ పోదని, 2008 సవరణ ద్వారా ఐటీ చట్టములో చేర్చిన 10ఎ సెక్షను తెలుపుచున్నది. 2004లో టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ - ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కేసులో, సీడీల వంటి వాటిపై అమ్ము సాఫ్ట్‌వేరు సరుకేనని సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. అయితే అది అమ్మకపు పన్నుకు సంబంధించినది. లైసెన్సు షరతుల చెల్లుబాటును గూర్చినది కాదు.