దమ్ము పనుల పిదప ట్రాక్టరు గేరు చమురు



పూర్వము దమ్ము పని ముగిసిన దినమున కాపు తన ఎడ్లను చెరువునకు తోలి, కాళ్ల బురద కడిగి, గిట్టలు పరీక్షించి, మెడపై కాడి ఒరిపిడి పడినదేమో యని తడవి చూచెడివాడు. పిదప తవుడు, చిట్టు పెట్టి నాలుగు దినములు విశ్రాంతి నిచ్చెడివాడు. నేడు పెక్కు గ్రామములలో ఎడ్ల స్థానమున ట్రాక్టరు నిలిచినది. కాని దమ్ము ముగిసిన మరునాడే మనము కేజి వీళ్లు విప్పి, ట్రాలీ తగిలించి, దానిని ఇసుకకో ఇటుకకో పంపుచున్నాము. ఎద్దునకు జబ్బు చేసిన మేత మానును. యజమానికి వెంటనే తెలియును. యంత్రము అట్లు ముందుగా చెప్పదు. చెప్పునప్పటికి కాలము మించిపోవును.

గడచిన సార్వాలో మా సంఘ సభ్యులలో ఒకరికి ఇట్లే జరిగినది. నడి దమ్ములో రోటవేటరును పైకెత్తుటకు ఆయన లివరు లాగగా, లిఫ్టు కొంతసేపు వణకి, లోపల కూత పెట్టి, జానెడు లేచి మరల దిగబడినది. ఆయన చేనే గాక మరి నలుగురి చేలు ఆ బండినే నమ్ముకొని యున్నవి. నారు తీతకు వచ్చి దినములు గడచుచున్నవి. కాలువలో నీటి వంతు దాటిపోవుచున్నది. మెకానిక్కు వచ్చి గేరుపెట్టె అడుగు బిరడా విప్పగా, మజ్జిగవంటి తెల్లని ద్రవము కారినది. లోపలి జల్లెడ నిండ బంకవంటి మడ్డి పేరుకొని యున్నది. పంపు అరిగిపోయినది. కొత్త పంపు వచ్చి బండి కదలునప్పటికి అయిదిండ్ల నారును ముదిరిపోయెను. పంపు వెల ఆ ఒక్కరిదే; ముదురు నారు నాటినందున తగ్గిన దిగుబడి అయిదుగురిది. అంతకు ముందటి యేడు చమురు మార్చవలసి యుండగా, ఆ వెల మిగుల్చుకొందమని ఆయన వాయిదా వేసియుండెను. చేతులు కాలిన పిదప ఆకులు పట్టుకొనిన ప్రయోజనమేమి?

చమురు చేయు పని

గేరు చమురు ఎడ్లబండి ఇరుసునకు పెట్టు కందెన వంటిదే యని పలువురు తలంతురు. అది పొరపాటు. నేటి ట్రాక్టర్లలో అనేకములందు గేరుపెట్టెకును, వెనుక ఇరుసులోని డిఫరెన్షియల్‌నకును, హైడ్రాలిక్ లిఫ్టునకును ఒక్కటే చమురు. ఐర్లండున జన్మించిన హ్యారీ ఫెర్గూసన్ నాగలిని మూడు చోట్ల బండికి తగిలించి, చమురు బలముతో ఎత్తి దించు పద్ధతిని ప్రచారమునకు తెచ్చెను. 1946లో ఇంగ్లండున తయారగుట కారంభమైన ఆయన టి.ఇ.20 ట్రాక్టరులో లిఫ్టు పంపు గేరుపెట్టె చమురునే వాడుకొనెడిది. తరువాతి బండ్లలో పంపు ఉండు చోటు మారినను, గేరుపెట్టె చమురునే పీల్చు ఏర్పాటు పెక్కింట నేటికిని కలదు.

అందువలన ఈ చమురు నాలుగు పనులు చేయుచున్నది. గేరు పండ్ల నడుమ రాపిడిని తగ్గించును. అందు పుట్టిన వేడిని మోసికొనిపోవును. పంపు ఒత్తిడికి లోబడి రోటవేటరును పైకెత్తును. ఆ ఒత్తిడి పెక్కు బండ్లలో చదరపు సెంటీమీటరునకు 150 కిలోల పైచిలుకు ఉండును. ఇక బ్రేకులు చమురులో మునిగియుండు బండ్లలో ఆ బ్రేకు పలకలను చల్లబరచును. ఒక్క చమురు చెడిన నాలుగు పనులును చెడును.

పట్టణములలో తమంతట తామే గేర్లు మార్చుకొను కార్ల సంగతియు నిట్టిదే. అమెరికాలో 1940 సంవత్సరపు ఓల్డ్స్‌మొబైల్ కార్లతో వ్యాప్తికి వచ్చిన అట్టి గేరుపెట్టెలలో ఇంజను బలమును అందించునదియు, గేర్లను మార్చునదియు చమురే. కావుననే వాని చమురును, ఫిల్టరును గడువునకు మార్చుట యజమానికి విధి. అయితే కారు పొడి బాటపై తిరుగును. మన బండి ఇరుసు మునుగు బురదలో తిరుగును. మన జాగ్రత్త అంతకు మించి యుండవలెను.

నీరెట్లు చేరును?

గేరుపెట్టెకు ఊపిరి విడుచుటకై బ్రీదరు అను చిన్న రంధ్రము మూతతో గూడి యుండును. పనిలో పెట్టె వేడెక్కి లోపలి గాలి వ్యాకోచించి దాని ద్వారా వెలికి పోవును. చల్లారినప్పుడు గాలి మరల లోనికి వచ్చును. బ్రీదరు బురదతో పూడిపోయిన యెడల, కాగిన బండి చల్లని నీటిలో దిగినప్పుడు లోపలి గాలి ముడుచుకొని, ఇరుసు సీళ్ల సందులనుండి నీటిని పీల్చుకొనును. ఇరుసునకు చుట్టుకొనిన గడ్డి, తీగ, ప్లాస్టిక్ సంచుల పీలికలు ఆ సీళ్లను కోసివేయును. కాబట్టి దమ్ము దినములలో ప్రతి సాయంకాలము బ్రీదరు తుడిచి, ఇరుసు చుట్టలు తీసివేయుట మొదటి రక్షణ. వేడి బండిని వెంటనే నీటి ధారతో కడుగుటయు మంచిది కాదు.

ఎప్పుడు మార్చవలెను?

బండితో వచ్చిన పుస్తకమే ఇందుకు ప్రమాణము. పెక్కు బండ్లకు 1000 గంటల ప్రాంతమున చమురు మార్పు చెప్పబడును. ఫిల్టరు శుద్ధి అంతకంటె ముందే వచ్చును. కొత్త బండికి తొలి ఫిల్టరు సేవ మరియు త్వరగా వచ్చును. ఏలయన కొత్త గేర్ల ఒరిపిడికి ఉక్కు రజను ఎక్కువగా రాలును. గంటల లెక్కకు అవర్ మీటరు చూడవలెను. అది చెడియున్న బాగుచేయించుకొనవలెను.

అయితే నీరు చేరిన చమురునకు గంటల లెక్క లేదు. డిప్‌స్టిక్ తీసి చూడుడు. చమురు తెల్లగా, పాలు కలిసినట్లున్న నీరు చేరినదని తెలియవలెను. సందేహమైన యెడల, కాలిన ఇనుప పెనముపై ఒక్క చుక్క మాత్రమే, ముఖము దూరముగా నుంచి, వేసి చూడుడు. నీరున్న చిటపటలాడును. అట్టి చమురును ఒక్క దినమైనను వాడరాదు.

మార్చు విధము

1. రాత్రియంతయు కదలక నిలిచిన బండికి తెల్లవారి ఇంజను తిప్పకముందే అడుగు బిరడాను కొంచెము వదులు చేయుడు. నీరు చమురుకంటె బరువు గనుక విడిగా నున్న నీరు ముందుగా కారును. చమురు రాగానే బిగించుడు. చమురు తెల్లగా నున్న యెడల ఇంజను తిప్పక అంతయు తీసివేయుడు.

2. చమురు తెల్లగా లేకున్న, బండిని 15 లేక 20 నిమిషములు నడిపి వెచ్చజేయుడు. వెచ్చని చమురు పలుచనై అడుగు మడ్డిని తనతో తెచ్చును. మరుగుచున్న చమురు చేతులను కాల్చును, అంతవరకు పోనీయకుడు.

3. సమతల స్థలమున నిలిపి, పనిముట్టును నేలకు దించి, లిఫ్టు చేతులను పూర్తిగా దింపి, ఇంజను ఆపి, తాళపు చెవి తీసి, చక్రములకు కొయ్య మొద్దులు అడ్డు పెట్టుడు. పైకెత్తిన రోటవేటరు క్రింద ఎవరును చేరరాదు.

4. గేరుపెట్టెకును, వెనుక భాగమునకును వేరువేరు బిరడాలుండవచ్చును. పుస్తకములోని బొమ్మ చూచి అన్నిటిని విప్పుడు. ఒకటి మరచిన, పాత చమురు లోపలనే నిలిచి కొత్తదానిని చెరచును.

5. బిరడాకు అయస్కాంతమున్న దానిని చూడుడు. బూడిదరంగు మెత్తని పసరు సహజమైన అరుగుదల. ఉక్కు పెళ్లలుగాని, పంటి ముక్కలుగాని యున్న యెడల చమురు పోసి ఊరకుండక మెకానిక్కునకు చూపవలెను.

6. ఫిల్టర్లు రెండు తెరగులు. తీగ జల్లెడను డీజిలుతో కడిగి, ఆరబెట్టి, ఎక్కడనైన చిరిగినదేమో వెలుతురునకు పట్టి చూచి మరల వాడవచ్చును. కాగితపు ఫిల్టరును కడిగి వాడరాదు, కొత్తది వేయవలెను. డబ్బావంటి ఫిల్టరైన దాని రబ్బరు వలయమునకు కొంచెము శుభ్రమైన చమురు రాచి చేతితో బిగింపుడు. లోపలి భాగములను నూలు పీచుతో తుడవరాదు. పీచు పోగులు జల్లెడకు అడ్డుపడును. కడుగుటకు పెట్రోలు వాడుట అగ్నిప్రమాదము.

7. పుస్తకము చెప్పిన తరగతి చమురునే పోయుడు. బ్రేకులు చమురులో మునుగు బండ్లకు అందుకు తగిన చమురు వేరుగా కలదు. చౌకయని ఇంజను చమురు పోసిన బ్రేకులు కీచుమనుటయు, పట్టు తప్పుటయు కలుగవచ్చును. ఊరి నడుమ, ట్రాలీపై కూలివారు కూర్చుండియుండగా, అది ప్రాణములతో చెలగాట మగును.

8. బండిని బట్టి 30 మొదలు 60 లీటర్ల వరకు చమురు పట్టవచ్చును. శుభ్రమైన గరాటుతో గురుతు వరకు పోసి, ఇంజను తిప్పి, లిఫ్టును పలుమారు ఎత్తి దించి, ఆపి, మరల కొలత చూడుడు. తక్కువైన పంపు గాలి పీల్చి లిఫ్టు వణకును. ఎక్కువైన సీళ్లనుండి వెలికి కారును. పొడి బ్రేకులున్న బండిలో అది బ్రేకులకు అంటి జారుడు కలిగించును.

ట్రాలీ తెచ్చు మురికి

ఇచ్చట సభ్యులు ముఖ్యముగా గమనింపవలసిన దొకటి కలదు. లేచి ఒరుగు ట్రాలీకి గొట్టము తగిలించినప్పుడు బండి చమురే ట్రాలీ సిలిండరులోనికి పోయి మరల వచ్చును. ఒక్క ట్రాలీని పదిమంది తమ బండ్లకు తగిలించుకొనినచో ఒకరి చమురులోని నీరును, మడ్డియు, గొట్టపు కొనకు అంటిన దుమ్మును మిగిలినవారి గేరుపెట్టెలలోనికి పోవును. పది కుటుంబములు ఒక్క కుండలో నీరు ముంచుకొనుట వంటిదిది. ఒకరి చేయి మురికైన అందరి నీరును మురికియే. కాబట్టి గొట్టపు కొనలకు మూతలుండవలెను. తగిలించుటకు ముందు రెండు కొనలను శుభ్రమైన బట్టతో తుడువవలెను. చమురు తెల్లబడిన బండికి ఉమ్మడి ట్రాలీని తగిలింపరాదు. తన బండి శుభ్రము తన కొరకు మాత్రమే కాదని ప్రతి సభ్యుడును గ్రహింపవలెను.

పాత చమురు

తీసిన చమురును కాలువ గట్టునను, బావి చెంతను పారబోయుట పాపము. అది నేలలో దిగి నీటిని చెరచును. 2016 నాటి కేంద్ర ప్రభుత్వ నియమముల ప్రకారము వాడిన చమురు అపాయకరమైన వ్యర్థములలో చేరినది. దానిని అనుమతి గల శుద్ధి కర్మాగారములకే చేర్చవలెను. మూతగల డబ్బాలో భద్రపరచి సంఘమునకు అందజేయుట మేలు.

సంఘము చేయదగినది

ఒక్కొక్కరు చిన్న డబ్బాలు కొనుటకంటె, ఒకే తరగతి చమురు వాడు బండ్లవారు కలిసి సంఘము ద్వారా పీపా తెప్పించుకొనిన వెల తగ్గును, కల్తీ భయము తొలగును. పీపాను నీడలో పరుండబెట్టవలెను. నిలువుగా వానలో నుంచిన, పగటి వేడికిని రాత్రి చలికిని పీపాయు ఊపిరి విడిచి పీల్చి, మూతపై నిలిచిన నీటిని లోనికి లాగుకొనును.

ప్రతి బండి పేర సంఘ కార్యాలయమున ఒక పుటలో అవర్ మీటరు గంటలును, చమురు, ఫిల్టరు మార్చిన తేదీలును వ్రాయవలెను. అద్దెకు పోవు సంఘపు బండికి ఇది మరియు ముఖ్యము. పదిమంది నడపు బండికి బాధ్యుడు లేకున్న దాని చమురును ఎవరును చూడరు. అనంతపురము జిల్లా గార్లదిన్నెలో 1983లో స్థాపింపబడిన కేంద్ర ప్రభుత్వపు వ్యవసాయ యంత్ర శిక్షణ, పరీక్షా సంస్థ కర్షకులకు ఇట్టి విషయములలో శిక్షణ నిచ్చుచున్నది. ఊరినుండి ఒకరిద్దరు యువకులు నేర్చుకొని వచ్చిన, తక్కినవారికి వారే గురువులగుదురు.

ఈ యేడు దమ్ము ముగియగానే, ట్రాలీ తగిలింపక పూర్వము, ఒక్క దినము బండికి కేటాయింపుడు. డిప్‌స్టిక్ తీసి చూచుటకు పైసా ఖర్చు లేదు. మన తండ్రులు ఎడ్ల గిట్టలు చూచిన శ్రద్ధతో మనము ఆ కొలకడ్డీని చూచిన చాలును. వచ్చు సార్వాలో నారు ముదరదు, ఇరుగుపొరుగు చేలు బీడుపడవు.