వాడిన లాప్‌టాపు - విండోస్ లైసెన్సు

2025వ సంవత్సరము జూన్ మాసములో మా అమ్మాయి డిగ్రీ చదువునకై మేమొక వాడిన లాప్‌టాపును కొంటిమి. వెల పందొమ్మిదివేల రూపాయలు. క్రొత్తది కొనవలెనన్న అందులకు రెండింతలకు పైగా కావలసియుండెను. ఆ యంత్రము 2019లో తయారైనది. ఏదో సంస్థలో కొన్నియేండ్లు ఊడిగము చేసి, సంస్థవారు క్రొత్తవి తెప్పించుకొన్నప్పుడు గుత్తగా అమ్ముడుపోయి, రెండు మూడు చేతులు మారి మాకు దక్కినది. దుకాణదారుడు మర్యాదస్థుడే. “విండోస్ వేసి యిచ్చినానండీ, ఒరిజినలే, ఇక మీరు చూచుకోనక్కరలేదు” అని, నెలరోజుల హామీతో చీటీ వ్రాసియిచ్చెను.

ఆరు నెలలు ఏ యిబ్బందియు లేక గడచినవి. డిసెంబరు చివర, అమ్మాయి ప్రాజెక్టు వ్రాతలో తలమునుకలై యుండగా, తెర క్రింది కుడిమూలను బూడిదరంగు అక్షరములు రెండు వరుసలుగా తేలినవి. విండోస్‌ను యాక్టివేట్ చేయుమనియు, అందులకై సెట్టింగ్సులోనికి పొమ్మనియు వాని భావము. “నాన్నగారూ, ఇది ఆగిపోతుందా? నా ఫైళ్లన్నీ పోతాయా?” అని అమ్మాయి కంగారుపడెను. దుకాణమునకు ఫోను చేసితిమి. హామీ గడువు ఎన్నడో ముగిసినది. ఐనను, “తెచ్చి పెట్టండి సార్, అయిదు నిమిషాల పని. యాంటీవైరస్ ఆపి, ఒక చిన్న ఫైలు నడిపితే సరి” అని అక్కడి కుర్రవాడొకడు ధైర్యము చెప్పెను. ఆ ‘యాంటీవైరస్ ఆపి’ యన్న మాట మాకు రుచింపలేదు. కావలివానిని నిద్రపుచ్చినగాని ఇంటిలోనికి రాజాలని వైద్యుడు ఎట్టివాడో యని సందేహము కలిగినది.

ఇట్టి చిక్కునుగూర్చి శ్రోతలు కొందరు మాకును వ్రాసియున్నారు. కావున ఆ మూడు దినములలో మేము విచారించి తెలిసికొన్నది ఇక్కడ చెప్పుచున్నాము.

మొదట భయము తీర్చుకొనవలయును. యాక్టివేషన్ లేనంతమాత్రమున ఫైళ్లు పోవు, యంత్రము ఆగదు. తెరవెనుకటి బొమ్మను, రంగులను మార్చుకొను వీలు మూతపడును. మూలనున్న అక్షరములు చూపునకు అడ్డము వచ్చుచుండును. భద్రతకు సంబంధించిన సవరణలు మాత్రము వచ్చుచునే యుండును. అనగా తొందరపడి ఆ సాయంకాలమే ఎవరిచేతనో ఏదో చేయింప నవసరము లేదు. మేము అమ్మాయితో మొదట చెప్పిన మాట ఇదే. రెండవ మాట, ప్రాజెక్టు ఫైళ్లను వెంటనే వేరొక డిస్కులోనికి ఎక్కించి పెట్టుమని.

ఇంతకును ఈ యాక్టివేషన్ అననేమి? పూర్వము విండోస్ కొన్నవారికి ఇరువదియైదు అక్షరముల కీ యొకటి, అయిదేసి చొప్పున అయిదు ముక్కలుగా అచ్చువేసి, పెట్టెతోపాటు ఇచ్చెడివారు. అది తాళపుచెవి వంటిది. కాని ఒక్క చెవితో ఊరిలోని తలుపులన్నియు తెరచుచుండిరి. దానిని అరికట్టుటకై 2001లో విండోస్ ఎక్స్‌పీతోకూడ మైక్రోసాఫ్టువారు ఒక క్రొత్త ఏర్పాటు తెచ్చిరి. కీ యెక్కించిన పిదప, ఆ యంత్రములోని ముఖ్యభాగములనుబట్టి ఒక గుర్తు తయారగును. ఆ గుర్తును కీని జతపరచి, సంస్థవారి సర్వరు తన పుస్తకములో నమోదు చేసికొనును. ‘ఈ కీ ఈ యంత్రమునకు చెల్లినది’ అని ఒప్పుకొనుటయే యాక్టివేషన్. గుర్తులో అన్నిటికన్న ప్రధానమైనది మదర్‌బోర్డు. మెమొరీని పెంచినను, పాత హార్డుడిస్కు తీసి క్రొత్త ఎస్‌ఎస్‌డీ పెట్టినను సాధారణముగ చిక్కు రాదు. మదర్‌బోర్డు మారినచో, సర్వరు దృష్టిలో అది వేరొక యంత్రము.

లైసెన్సులలో జాతులున్నవి. ఇది గ్రహింపనిచో తక్కినదంతయు చీకటిలో తడవులాటయే.

తయారీదారు యంత్రముతోపాటే ఇచ్చునది ఒకటి. ఇది పొలములోని మామిడిచెట్టువంటిది. పొలము ఎవరు కొనిన వారికే చెందును, పెరికికొనిపోయి వేరొక పొలమున నాటుటకు వీలులేదు. వాడిన లాప్‌టాపు కొనువారికి నిజముగ దక్కవలసినది ఇదే. విడిగా వెలయిచ్చి కొన్నది రెండవది. ఇది ఇంటిలోని మంచమువలె, ఇల్లు మారునప్పుడు వెంట తీసికొనిపోవచ్చును. ఐతే ఒక యింటినుండి తీసినపిదపనే మరియొక యింట వేయవలయును. అమ్మినవాడు దానిని తనతో తీసికొనిపోయిన, కొన్నవాడు అడుగుట కేమియు లేదు. ఇక మూడవది పెద్దసంస్థలు గంపగుత్తగా తీసికొనునది. ఇది ప్రభుత్వోద్యోగి క్వార్టర్సు వంటిది. కొలువున్నంతకాలమే నివాసము.

ఈ మూడవదానిలో ఒక పద్ధతి కలదు, దాని పేరు కేఎంఎస్. సంస్థ తన ఆవరణలోనే ఒక సర్వరును నిలుపుకొనును. కనీసము ఇరువదియైదు యంత్రములు దానిని ఆశ్రయించినగాని అది పనికి పూనుకొనదు. ఒక్కొక్క యంత్రమునకు అది ఇచ్చు అనుమతి 180 దినములది. యంత్రము ఏడు దినములకొకమారు దానిని పలుకరించి, గడువును మరల మొదటినుండి లెక్కింపించుకొనుచుండును. ఆఫీసులో ఉన్నంతకాలము ఎవరికిని ఈ సంగతి తెలియనే తెలియదు. ఈ పద్ధతినే అనుకరించి, దొంగసర్వరునొకదానిని సృష్టించి యాక్టివేట్ చేయు ఉపాయములు అంగళ్లలో వ్యాపించియున్నవి. ఆ కుర్రవాడు చెప్పిన ‘చిన్న ఫైలు’ అట్టిదే. అసలు సర్వరైనను, దొంగసర్వరైనను, పలుకరింపు తెగిపోయిన పిమ్మట ఆరునెలలకు గుట్టు బయటపడును. మా లాప్‌టాపు సరిగా ఆరునెలలకు మొరాయించుటలోని రహస్యము మాకు అప్పుడు బోధపడినది. దుకాణము హామీ నెలరోజులు, లైసెన్సు గడువు ఆరునెలలు!

మీ యంత్రములోనున్నది ఏ జాతియో తెలిసికొనుటకు ఒక ఉపాయము చెప్పెదము. శ్రోతలు కాగితము, పెన్సిలు తీసికొనగలరు. కీబోర్డుమీద విండోస్ గుర్తుగల మీటను, ఆర్ అక్షరపు మీటను కలిపి నొక్కుడు. చిన్న పెట్టె తెరచుకొనును. అందులో ఎస్, ఎల్, ఎమ్, జి, ఆర్ అను అయిదక్షరములు కొట్టి, కొంచెము ఎడమిచ్చి, కుడివైపునకు వాలిన గీత నొకదానిని పెట్టి, దానికి అంటుకొని ఎక్స్, పి, ఆర్ అని కొట్టి ఎంటర్ నొక్కుడు. యాక్టివేషన్ శాశ్వతమైనదైనచో అట్లని చెప్పును. గడువు గలదైనచో తేదీతోసహా ఆ గడువును చూపును. ఆ కడపటి మూడక్షరములకు బదులు డి, ఎల్, వి అని కొట్టినచో వివరములు మరింత వచ్చును. అందు ఓఈఎం అని కనబడిన తయారీదారు ఇచ్చినది, రీటెయిల్ అనిన విడిగా కొన్నది, వాల్యూమ్ కేఎంఎస్‌క్లయింట్ అనిన క్వార్టర్సు కాపురము.

మాకు మూడవది కనబడినది. పైగా అందు వేసినది ఎంటర్‌ప్రైజ్ అను రకము, అది సంస్థలకు గంపగుత్తగా ఇచ్చునదే. సెట్టింగ్సులో మరల ప్రయత్నించిన 0ఎక్స్‌సి004ఎఫ్074 అని ఒక సంకేతసంఖ్య వచ్చెను. కేఎంఎస్ సర్వరు దొరకలేదని దాని అర్థము. దొరకుట ఎట్లు? అది మా యింట లేదు గదా.

ఇక్కడ శుభవార్త యొకటి. 2012లో విండోస్ 8 వచ్చినది మొదలు, తయారీదారులు ఆ కీని కాగితముమీద అచ్చువేయుట మాని, మదర్‌బోర్డుమీది చిప్పులోనే వ్రాసి యిచ్చుచున్నారు. డిస్కు తుడిచివేసినను, క్రొత్త డిస్కు వేసినను అది చెరగదు. ఇంజనీరింగు చదువుచున్న పొరుగింటి కుర్రవాడు వచ్చి, పవర్‌షెల్ అనుదానిలో ఒక పొడవైన ఆజ్ఞ కొట్టి, మా యంత్రము చిప్పులో ప్రో రకపు విండోస్ 10 కీ భద్రముగ నున్నదని చూపెను. (ఆ ఆజ్ఞను రేడియోలో అక్షరాక్షరము చదువుట శ్రోతలను శిక్షించుటయే యగును.) అనగా ఈ యంత్రమునకు న్యాయమైన లైసెన్సు మొదటినుండి ఉన్నది. దానిని ప్రక్కన బెట్టి, దుకాణమువారు పదిమందికి వేసినదే దీనికిని వేసిరి. ఇందులో మోసముకంటె అలవాటే ఎక్కువయని మా అభిప్రాయము.

ఇక చికిత్స. విండోస్ 10కు మైక్రోసాఫ్టువారి ఉచిత ఆదరణ 2025 అక్టోబరు 14తో ముగిసినందున, మేము విండోస్ 11నే వేయ నిశ్చయించితిమి. చిప్పులోని విండోస్ 10 కీ దానికి చెల్లును. మా యంత్రము ఇంటెల్ ఎనిమిదవ తరమునకు చెందినదగుటచే విండోస్ 11 కోరు అర్హతలున్నవి. అంతకు పాతవానికి సాధారణముగ ఉండవు. ఎనిమిది జీబీల యూఎస్‌బీ పుల్ల నొకదానిని తీసికొని, మైక్రోసాఫ్టు వెబ్‌సైటునుండి, వేరెక్కడనుండియు కాక, స్థాపనకు కావలసినదానిని ఎక్కించితిమి. ఫైళ్ల నకలును మరియొకమారు తెరచి చూచుకొని, డిస్కును పూర్తిగా తుడిచి క్రొత్తగా వేసితిమి. కీ ఏదియని అది మమ్మడుగనే లేదు. చిప్పులోనిది తానే చదువుకొని, ప్రో రకమును తానే యెన్నుకొనినది. ఇంటర్నెట్టు తగిలించిన కొలది నిమిషములకు యాక్టివేషన్ పూర్తియైనది. మొత్తము గంటన్నర పట్టెను. రూపాయి ఖర్చు లేదు.

అందరికిని ఇంత సులువుగ తెమలదు. మన దేశములో అమ్ముడైన చవుక లాప్‌టాపులలో తరచు హోమ్ సింగిల్ లాంగ్వేజ్ అను రకపు కీ ఉండును. దుకాణమువారు దానిమీద ప్రో వేసినచో, చిప్పులోని కీ దానికి అతకదు. ప్రో మీద మోజు వదలుకొని హోమ్‌నే వేసికొనిన చాలును, ఇంటి పనులకు అందు లోటేమియు లేదు. మదర్‌బోర్డు మార్చిన యంత్రములలో చిప్పున కీయే ఉండకపోవచ్చును. 0ఎక్స్‌సి004ఎఫ్213 అను సంఖ్య వచ్చినచో ఆ యంత్రములో కీ కనబడలేదని తెలియవలయును. అట్టిదానికి క్రొత్త లైసెన్సు కొనుట తప్ప దారిలేదు. కావున బేరమాడునప్పుడే ‘బోర్డు మార్చినారా?’ అని అడుగుట మేలు. లాప్‌టాపు అడుగున అంటించిన విండోస్ 7 చీటీలోని కీని విండోస్ 10, 11లకు వాడు వెసులుబాటు కొన్నియేండ్లు ఉండెడిది. అది ముగిసినట్లు మైక్రోసాఫ్టువారు 2023 సెప్టెంబరులో ప్రకటించిరి. ఇక నాలుగైదువందల రూపాయలకు కీలమ్మువారున్నారు. అవి పెక్కుమారులు ఏ సంస్థకో ఇచ్చిన గంపగుత్త కీలే. కొంతకాలము పనిచేసి, పిదప రద్దగుచుండును. ఆ డబ్బుతో మంచి పుస్తకమొకటి కొనుట నయము.

అన్నిటికన్న చిన్న కారణము నొకదానిని చెప్ప మరచితిమి. పాత యంత్రములలోని నాణెమంత బ్యాటరీ చచ్చిపోయిన, గడియారము తప్పి తేదీ ఎక్కడికో వెనుకకు పోవును. అప్పుడు సర్వరుతో సంభాషణ కుదరదు. యాక్టివేషన్ పొసగనపుడు ముందుగా తేదీని చూడుడు.

విండోస్ క్రొత్తగా వేసిన పిదప, మొదటి తెరమీదనే ఒకానొక సంస్థ పేరుతో స్వాగతము పలికి, ఆ సంస్థ ఉద్యోగి ఖాతాతో లోనికి రమ్మని అడిగినచో, అది లైసెన్సు జబ్బు కాదు. ఆ యంత్రము ఇప్పటికిని ఆ సంస్థ జాబితాలో ఉన్నదని అర్థము. డిస్కును ఎన్నిమారులు తుడిచినను అది పోదు. సంస్థవారే తమ జాబితానుండి తొలగింపవలయును. అట్టి యంత్రమును తిప్పలుపడి వాడుకొనుటకు యత్నింపక అమ్మినవానికి తిరిగి ఇచ్చివేయుటయే ఉత్తమము. అది దొంగసొత్తు కావచ్చును కూడ.

లైసెన్సు బెడదయే వలదనుకొనువారికి ఉబుంటు వంటి లినక్స్ రకములున్నవి. వానికి కీయు లేదు, యాక్టివేషనును లేదు. మా అమ్మాయి కళాశాలలో వాడు సాఫ్టువేరు విండోస్‌మీదనే నడచును గనుక మేము ఆ దారి తొక్కలేదుగాని, ఉత్తరములు వ్రాసికొని పత్రికలు చదువుకొను పెద్దలకు అది సరిపోవును.

జనవరిలో ఆ దుకాణమునకు మరల వెళ్లి జరిగినది చెప్పితిమి. దుకాణదారుడు నొచ్చుకొనెను. “ఎవరూ అడగరండీ. బొమ్మ వస్తుందా, ఛార్జింగు నిలుస్తుందా అని చూచుకొని వెళ్లిపోతారు” అనెను. తరువాత ఆ ఎక్స్, పి, ఆర్ అక్షరములను ఒక అట్టముక్కమీద వ్రాసియిమ్మని అడిగి, బల్లమీదనున్న లాప్‌టాపులలో ఒకదానిమీద కొట్టి చూచెను. మే నెలలోని తేదీ యొకటి వచ్చినది. ఆయన దానిని తీసి ప్రక్కన పెట్టి, రెండవదానిని దగ్గరకు లాగికొనెను.