ఒంటరి వృద్ధులకు సెల్‌ఫోన్ కాపలా

న్యూఢిల్లీ : కన్నబిడ్డలు ఉద్యోగాల నిమిత్తం దూరప్రాంతాలకు తరలిపోగా ఇంట ఒంటరిగా మిగిలిన వృద్ధులు ఉదయం లేచారా, నడిచారా, ఎక్కడైనా పడిపోయారా అన్నది తెలుసుకునే సాధనంగా సెల్‌ఫోన్ ముందుకు వచ్చింది. అయితే ఈ కాపలా ఎంతవరకు నమ్మదగినదన్న ప్రశ్న కూడా దానితోపాటే తలెత్తుతోంది.

2011 జనగణన ప్రకారం దేశంలో అరవై యేళ్లు పైబడినవారు సుమారు 10.38 కోట్లు. అంటే జనాభాలో 8.6 శాతం. కేరళలో వీరు 12.6 శాతం కాగా, అవిభక్త ఆంధ్రప్రదేశ్‌లో 9.8 శాతం. 2050 నాటికి దేశంలో ప్రతి అయిదుగురిలో ఒకరు వృద్ధులే కాగలరని ఐక్యరాజ్యసమితి జనాభా నిధి 2023 నివేదికలో అంచనా వేసింది.

స్మార్ట్‌ఫోన్‌లో అమర్చిన యాక్సిలరోమీటర్ అనే సూక్ష్మ పరికరం మూడు దిశలలో వేగంలో కలిగే మార్పును కొలుస్తుంది. ఫోను ఎటు తిరిగినదీ గైరోస్కోపు తెలుపుతుంది. నడకలో అడుగడుగుకూ ఒకే లయ నమోదవుతుంది. మనిషి పడిపోయినపుడు లిప్తపాటు భారరహిత స్థితి, వెనువెంటనే బలమైన తాకిడి, ఆపై నిశ్చలత కనిపిస్తాయి. ఈ వరుసను గుర్తించి బంధువుల ఫోనుకు హెచ్చరిక పంపవచ్చు. నడక రోజురోజుకూ తగ్గుతున్నా తెలుస్తుంది.

చిక్కంతా ఫోను మనిషి వెంట ఉండటంలోనే ఉంది. పంచెకు, చీరకు జేబు ఉండదు. తడినేలపై కాలుజారే స్నానాలగదిలోకి ఫోను వెళ్లదు. బల్లపై మరచిన ఫోనుకూ, నేలపై కదలలేక పడివున్న మనిషి వద్దనున్న ఫోనుకూ యంత్రం తేడా తెలుసుకోవడం కష్టం. ఫోను చేజారినా హెచ్చరిక మోగవచ్చు.

పెద్దల ఇష్టాయిష్టాల మాట మరొకటి. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పింది. ఆ వ్యాజ్యం వేసిన విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి అప్పటికి తొంభై యేళ్లు దాటిన వృద్ధుడే కావడం గమనార్హం. తండ్రి ఎన్ని గంటలకు లేచిందీ, ఎన్నిసార్లు గడప దాటిందీ కుమారుడు తెలుసుకోదలచినపుడు ముందుగా ఆ తండ్రి సమ్మతి పొందడం న్యాయం.

వృద్ధులకు సలహా, సహాయం అందించేందుకు 14567 నెంబరుతో ‘ఎల్డర్ లైన్’ ఉంది. అత్యవసర వైద్యానికి 108 ఉంది. కానీ హెచ్చరిక అమెరికాలోని కుమారునికి క్షణాలలో చేరినా, ఇక్కడ తలుపు తట్టవలసింది పొరుగువారే. ఫోనులో అప్లికేషన్ అమర్చడానికి ముందు ఆ పొరుగింటివారితో మాట్లాడి, తాళంచెవి ఒకటి వారికి అప్పగించడం శ్రేయస్కరం.